ఇల్లు దాటలేని రోజుల్లో ఉల్లాసం ఎక్కడి నుంచి వస్తుంది?

2020 మార్చి 25న ఉగాది. శార్వరి నామ సంవత్సరం మొదలైన రోజే దేశమంతటా లాక్‌డౌన్ కూడా మొదలైంది. అంతకు మూడు రోజుల ముందే జనతా కర్ఫ్యూ అయింది. సాయంత్రం ఐదింటికి బాల్కనీల్లో చప్పట్లు, కంచాల మోతలు వినిపించాయి. 21 రోజులు ఓపిక పడితే చాలన్నారు. ఆ గడువు మే 3కి, మే 17కి, మే 31కి జరుగుతూ పోయింది. మరుసటి ఏడాది సెకండ్ వేవ్‌లో మళ్ళీ అదే వరస. మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ, మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్.

ఆ రోజుల్లో ఎవరిని కదిలించినా ఒకటే సలహా: పాజిటివ్‌గా ఉండండి. చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెప్పారు. కానీ వినేవాళ్ళలో చాలామందికి అది మరో బరువైంది. బెంగగా ఉందని చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేలా చేసింది. "ఇల్లుంది, తిండుంది, ఇంకా నీకేం కష్టం?" అని తమను తామే నిలదీసుకున్నవాళ్ళు ఎంతమందో. నాలుగు రోజులు సెలవు దొరికితే ఇంటిపట్టున హాయిగా ఉందామని ఏళ్ళ తరబడి అనుకున్నవాళ్ళే రెండో వారం తిరిగేసరికి నిద్రపట్టక, ఏ పనీ చేయబుద్ధికాక, ఇంట్లో వాళ్ళ మీద ఊరికే విసుక్కుంటూ గడిపారు. ఎందుకలా జరిగింది?

కరోనా పోయినంత మాత్రాన ఈ ప్రశ్న పోలేదు. తుంటి ఎముక విరిగి మంచానికే పరిమితమైన పెద్దవాళ్ళు, కీమోథెరపీ మధ్యలో ఉన్నవాళ్ళు, బాలింతలు, ఉద్యోగం పోయి బయట నలుగురికి మొహం చూపించలేక గదిలో ఉండిపోయిన కుర్రాళ్ళు, ఇలా ఏదో ఒక కారణంతో ఇంటికే పరిమితమైనవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్ళ దగ్గరకు వెళ్ళి "సంతోషంగా ఉండు" అనడం తేలిక. సంతోషం ఎలా పుడుతుందో, ఏది దాన్ని మింగేస్తుందో తెలుసుకుని ఆ అడ్డు తీయడం కష్టం. నేను చెప్పదలచుకున్నది ఆ రెండో పని గురించే.

మొదట కాలం సంగతి చూద్దాం. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మేరియెన్‌తాల్ అనే ఊరుంది. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. ఆర్థిక మాంద్యంలో అది మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే ముగ్గురు యువ పరిశోధకులు తోటివాళ్ళతో కలిసి 1930ల మొదట్లో అక్కడికి వెళ్ళి, పనిలేని జనం రోజులు ఎలా గడుపుతున్నారో దగ్గరుండి చూశారు. అందరికీ బోలెడంత తీరిక ఉంది కాబట్టి లైబ్రరీ కిటకిటలాడాలి కదా? 1929 నుంచి 1931లోపు అక్కడ పుస్తకాలు తీసుకెళ్ళడం దాదాపు సగానికి పడిపోయింది. నడిబజారులో మగవాళ్ళ నడక మందగించింది. నాలుగడుగులు వేసి ఆగిపోతున్నారు. చాలామంది గడియారం పెట్టుకోవడమే మానేశారు. ఈరోజు ఏం చేశారని అడిగితే, పొద్దున లేవడానికీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోలేకపోయారు.

లాక్‌డౌన్‌లో మన ఇళ్ళలోనూ ఇదే జరిగింది. ఇవాళ ఏ వారమో గుర్తుండేది కాదు. పదకొండింటికి టిఫిన్, నాలుగింటికి భోజనం, రాత్రి రెండింటి దాకా ఫోన్. ఆఫీసు, బడి, కాలేజీ, బస్సు వేళలు మనల్ని సతాయిస్తాయని అనుకుంటాం గానీ, రోజుకో ఆకారం ఇచ్చేవి అవే. అవి పోయాక మిగిలిన కాలం తీరిక కాదు, ఉత్త ఖాళీ. ఆ ఖాళీలో దిగులు వచ్చి కూర్చోవడానికి ఎక్కువసేపు పట్టదు.

అందుకని ఇంట్లో చిక్కుకుపోయినప్పుడు మొదట తిరిగి కట్టుకోవాల్సింది రోజుని. పెద్ద టైంటేబుల్ గోడకు అంటించాలని కాదు, అది మూడో రోజుకే నీరుగారిపోతుంది. రోజులో మూడు నాలుగు మేకులు గట్టిగా కొట్టుకుంటే చాలు: లేచే వేళ, స్నానం, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునే ఒక పూట భోజనం, ఫోన్ పక్కన పడేసే వేళ. మధ్యలో ఏం చేసినా ఫరవాలేదు. వీటిలో ఒక్కటే కుదురుతుందనుకుంటే లేచే వేళని పట్టుకోమంటాను, ఎందుకంటే మిగతావన్నీ దాని వెంటే నడుస్తాయి.

దానికి శరీరం వైపు నుంచి ఒక కారణం ఉంది. మన మెదడులో ఒక గడియారం ఉంటుంది. దాన్ని రోజూ సరిచేసేది పొద్దుటి వెలుతురు. కంటి వెనక పొరలో కొన్ని కణాలు చూపు కోసం కాకుండా, బయట పగలా రాత్రా అన్న కబురు మెదడుకు చేరవేయడం కోసమే పనిచేస్తాయి. వాటికి కావలసినంత వెలుతురు ఇంట్లో దొరకదు. వెలుతురును లక్స్ అనే లెక్కలో కొలుస్తారు, ట్యూబ్‌లైటు కింద అది మహా అయితే కొన్ని వందల లక్స్ ఉంటుంది. మబ్బు పట్టిన రోజైనా సరే ఆరుబయట 10 వేల లక్స్ దాకా ఉంటుంది, మండుటెండలో లక్ష దాకా పోతుంది. గదిలో దీపాలన్నీ వేసుకుని కూర్చున్నా, మెదడు దృష్టిలో మనం మసక చీకట్లో ఉన్నట్టే. కర్టెన్లు వేసిన అపార్ట్‌మెంట్ గదిలో రోజంతా ఉంటే ఆ గడియారం జారిపోతుంది. రాత్రి నిద్ర పట్టదు, పగలు మగతగా ఉంటుంది, చిరాకు పెరుగుతుంది. మనం దాన్ని మనోబలం లేకపోవడమనుకుని బాధపడతాం.

మాస్కోలో 2010 జూన్ నుంచి 2011 నవంబర్ దాకా ఆరుగురు మగవాళ్ళను 520 రోజులపాటు మూసి ఉన్న గదుల్లో ఉంచి, అంగారక యాత్రకు రిహార్సల్ లాంటి ప్రయోగం చేశారు. ఏరి కోరి ఎంచుకుని శిక్షణ ఇచ్చినవాళ్ళు వాళ్ళు. అయినా నెలలు గడిచేకొద్దీ వాళ్ళ కదలికలు తగ్గుతూ వచ్చాయి, మంచం మీద గడిపే సమయం పెరుగుతూ వచ్చింది. ఒకరి శరీర గడియారమైతే 24 గంటల లెక్క వదిలేసి 25 గంటల రోజుకు మారిపోయింది. అంతటివాళ్ళకే అలా జరిగితే రెండు గదుల ఇంట్లో ఉన్న మనకు జరగడంలో వింతేముంది? లేచిన గంటలోపు డాబా మీదకో, బాల్కనీలోకో, అదీ లేకపోతే తెరిచిన కిటికీ దగ్గరకో వెళ్ళి అరగంట ఉండటం వైరాగ్యపు బోధలన్నిటి కంటే ముందు చేయాల్సిన పని. కాఫీ అక్కడే తాగొచ్చు. మంచం దిగలేని పెద్దవాళ్ళుంటే మంచాన్నే కిటికీ వైపుకు జరపండి.

ఇక ఎప్పటిదాకా అన్న ప్రశ్న. మనసుని పిండి పిప్పి చేసేది ఇదే. 2003లో సార్స్ అనే అంటువ్యాధి వచ్చినప్పుడు కెనడాలోని టొరంటోలో 15 వేల మందికి పైగా జనాన్ని ఇళ్ళలో క్వారంటైన్‌లో ఉంచారు. వాళ్ళలో 129 మందిని తర్వాత ప్రశ్నిస్తే, దాదాపు 29 శాతం మందిలో పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ళలో కనిపించేలాంటి మానసిక గాయం లక్షణాలు, 31 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. 10 రోజులకు మించి ఇంట్లో ఉన్నవాళ్ళలో ఆ లక్షణాలు ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో, మన దగ్గర లాక్‌డౌన్ రాకముందే, లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు ఇలాంటి 24 అధ్యయనాలను ఒకచోట చేర్చి లాన్సెట్ వైద్య పత్రికలో ఒక సమీక్ష రాశారు. మనుషుల్ని కుంగదీసేవేమిటో అందులో స్పష్టంగా ఉంది: ఎక్కువ రోజులు ఉండాల్సి రావడం, జబ్బు భయం, విసుగు, సరుకులు అందకపోవడం, సరైన సమాచారం లేకపోవడం. బయటపడ్డాక డబ్బు ఇబ్బంది, జనం దూరం పెట్టడం. ఒకసారి చెప్పిన గడువును మళ్ళీ పొడిగిస్తే జనం మరింత కుంగిపోతారని కూడా అందులో హెచ్చరించారు. మనకు ఆ గడువును మళ్ళీ మళ్ళీ పొడిగించారు.

ఈ జాబితాను నిదానంగా చదివితే ఒక విషయం తెలుస్తుంది. అందులో సగం మన ఆలోచనా ధోరణికి సంబంధించినవి కావు. సరుకులు, డబ్బు, సమాచారం బయటి నుంచి రావాల్సినవి. 2020 ఏప్రిల్‌లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేలాదిమంది గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల మీదే చిక్కుకుపోయారు. పదిమందికి సరిపోయే పడవలో వంట, పడక, స్నానం అన్నీ అక్కడే, వారాల తరబడి. వాళ్ళకు కావలసింది పాజిటివ్ ఆలోచనలు కాదు, ఊరికి చేర్చే బస్సులు. చివరకు ఆ బస్సులు వచ్చాకే వాళ్ళకు ఊపిరి ఆడింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో జనం రోజుల తరబడి మేడల మీద, కరెంటు లేకుండా ఉండిపోయినప్పుడూ అంతే. మంచినీళ్ళు, పాలు, ఫోన్ ఛార్జింగ్ అందాక మాట్లాడాల్సిన మాట ఉల్లాసం. ఆకలితో, అప్పుతో, భయంతో ఉన్న మనిషికి నీ దృక్పథం మార్చుకో అనడం అన్యాయం. ఈ మాట నేను గట్టిగానే అంటాను.

కనీస అవసరాలు తీరిన ఇంట్లో, గడువు మన చేతిలో లేనప్పుడు ఏం చేయాలి? పెద్ద తేదీ మన చేతిలో లేకపోతే చిన్న తేదీలు మనమే పెట్టుకోవాలి. లాక్‌డౌన్ సరిగ్గా మామిడికాయల కాలంలో వచ్చింది. మాగాయ పెట్టిన ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. కాయలు చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెడితే మూడో రోజుకి ఊట దిగుతుంది. ముక్కలు పిండి డాబా మీద ఎండబెట్టాలి, ఊటను కూడా ఎండలో ఉంచాలి. సాయంత్రం తీసి లోపల పెట్టాలి, మబ్బు పడితే పరుగున వెళ్ళాలి. పక్కింటివాళ్ళ ముక్కలు ఎంతవరకూ వచ్చాయో పిట్టగోడ మీంచి అడగాలి. రేపు ఏం చూడాలో, ఎల్లుండి ఏం కలపాలో ముందే తెలుసు. వారం తర్వాత జాడీ నిండుతుంది. మొదలూ నడకా ముగింపూ ఉండి, కంటికి కనబడుతూ ముందుకు సాగే పని ఇది. దేశమంతా ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియని రోజుల్లో, ఒక వారానికైనా ముగింపు తెలిసిన పని చేతిలో ఉండటం ఎంత నెమ్మదినిస్తుందో చేసినవాళ్ళకు తెలుసు. ఊరగాయే కానక్కరలేదు. కుండీలో మెంతులు చల్లి మొలకలు చూసుకోవచ్చు, పాత ఫొటోల వెనక పేర్లు రాయొచ్చు, పిల్లలకు ఎక్కాలు నేర్పొచ్చు, లేదా శనివారం సాయంత్రం అష్టాచమ్మా అని ఖాయం చేసుకుని ఆ పట్టు తప్పకుండా ఉండొచ్చు.

వార్తల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక అక్కడి పరిశోధకులు ఒక విషయం గమనించారు. ఆ వారంలో రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలే చూసినవాళ్ళలో ఒత్తిడి లక్షణాలు, పేలుడు చోట స్వయంగా ఉన్నవాళ్ళ కంటే ఎక్కువగా కనిపించాయి. మన ఇళ్ళలో టీవీ కింద ఎర్ర పట్టీ మీద కేసుల సంఖ్య రోజంతా తిరుగుతూ ఉండేది, వాట్సాప్‌లో శ్మశానాల వీడియోలు వచ్చి పడేవి. తెలుసుకోవడం వేరు, అందులోనే మునిగి ఉండటం వేరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నమ్మకమైన చోట చూసి కట్టేస్తే మనకు తెలియాల్సిందేదీ తప్పిపోదు. రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. కష్టంలో ఉన్నప్పుడు సంతోషంగా ఉండటమంటే బాధను దాచేయడమా? చాలామంది అలాగే అనుకుంటారు. మన ఇళ్ళలో ఎవరైనా కంటతడి పెడితే చాలు, "ఏడవకు, ఊరుకో, ధైర్యంగా ఉండాలి" అని వెంటనే నోరు మూయిస్తాం. ప్రేమతోనే అంటాం. 1990ల్లో జేమ్స్ గ్రాస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కొంతమందికి ఒళ్ళు జలదరించే వీడియో చూపించి, మొహంలో ఏమీ కనబడనివ్వకండి అని వాళ్ళలో కొందరికి చెప్పాడు. వాళ్ళ మొహాలు మామూలుగానే ఉన్నాయి గానీ లోపలి అసహ్యం ఏమాత్రం తగ్గలేదు. పైగా శరీరంలో ఒత్తిడి సూచనలు పెరిగాయి. దాచుకోవడానికి శ్రమ ఖర్చవుతుంది. ఇంట్లో నలుగురూ నలుగురి కోసం నవ్వు మొహాలు పెట్టుకుని తిరిగితే సాయంత్రానికి అందరూ అలిసిపోతారు, ఎవరికీ ఎవరూ తోడుండరు.

మరైతే బాధపడుతూ కూర్చోవాలా? అదీ కాదు. ఇక్కడ నాకు బాగా నచ్చిన ఒక పరిశోధన ఉంది. 1990ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సూజన్ ఫోక్‌మన్ బృందం, ఎయిడ్స్‌తో మరణానికి దగ్గరవుతున్న తమ జీవిత భాగస్వాములకు సేవ చేస్తున్న మగవాళ్ళను నెలల తరబడి కలుస్తూ వచ్చింది. అప్పటికి ఆ జబ్బుకు సరైన మందు లేదు. మొదట్లో పరిశోధకులు అడిగినవన్నీ బాధల గురించే: ఏది మిమ్మల్ని ఎక్కువ కష్టపెట్టింది, దాన్ని ఎలా తట్టుకున్నారు అని. కొన్నాళ్ళకు ఆ సేవ చేస్తున్నవాళ్ళే అడిగారు, మా రోజుల్లో జరిగే మంచి గురించి ఎందుకు అడగరు అని. అప్పుడు ఆ ప్రశ్న కూడా చేర్చారు. మంచానికి అంటుకుపోయిన మనిషి పక్కన రాత్రింబవళ్ళు ఉన్నవాళ్ళు, దాదాపు ప్రతిసారీ ఏదో ఒక మంచి క్షణం చెప్పగలిగారు. అవి పెద్ద సంగతులు కావు. ఇష్టంగా వండినది అతను తినడం, స్నేహితుడు వచ్చి కాసేపు కూర్చోవడం, కిటికీలోంచి ఏదో అందంగా కనబడటం. వాళ్ళలో దిగులు తక్కువేమీ కాదు, పరీక్షల్లో అది బాగా ఎక్కువగానే తేలింది. ఆ దిగులు అలా ఉండగానే, దాని పక్కనే ఆనందం కూడా ఉంది.

మనకు దీని విలువ చాలా ఎక్కువ. బాధ పూర్తిగా పోయాకే సంతోషానికి చోటు దొరుకుతుందని మనం అనుకుంటాం. అందుకే ఎవరికైనా బాగోలేనప్పుడు ఇంట్లో పాట వినడానికి, నవ్వడానికి తప్పు చేస్తున్నట్టు ఫీలవుతాం. సెకండ్ వేవ్‌లో ఆత్మీయులను పోగొట్టుకున్న ఇళ్ళలో, పది రోజుల తర్వాత పిల్లవాడి మాటకు ఎవరైనా పగలబడి నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. అడ్డం పెట్టుకోనక్కరలేదు. ఆ నవ్వు పోయినవాళ్ళ మీద ప్రేమను తగ్గించదు, మిగిలినవాళ్ళను నిలబెడుతుంది. రాత్రి పడుకునే ముందు ఇవాళ ఏం కష్టమైంది, ఇవాళ ఏది బాగుంది అని రెండూ ఒకరినొకరు అడుగుకోవడం నేను చాలా ఇళ్ళకు సూచిస్తాను. రెండో ప్రశ్న ఒక్కటే అడిగితే అది నటన అవుతుంది. మొదటిదొక్కటే అడిగితే మనసు అక్కడే తిరుగుతూ ఉంటుంది.

ఇంకో అపోహ కూడా ఉంది. ఉత్సాహం వచ్చాక ఏదైనా చేద్దాం అనుకుంటాం. 1970ల్లో పీటర్ లెవిన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త డిప్రెషన్ ఉన్నవాళ్ళ రోజులను గమనించి దీన్ని తిరగేశాడు. మనసు బాగోలేదని మనిషి పనులు తగ్గించుకుంటాడు. పనులు తగ్గేసరికి తృప్తినిచ్చే సందర్భాలు తగ్గుతాయి, దాంతో మనసు ఇంకా దిగజారుతుంది. ఈ చక్రాన్ని మనసు వైపు నుంచి ఆపడం కష్టం, పని వైపు నుంచి ఆపడం సాధ్యం. ఈ దారిలో వచ్చిన చికిత్స ఇప్పటికీ డిప్రెషన్‌కు పనికొస్తోంది. ఇంట్లో మనకు దాని అర్థం ఇంతే: చేయబుద్ధి కాకపోయినా చిన్న పని మొదలుపెట్టాలి, ఉత్సాహం తర్వాత వస్తుంది, ఒక్కోసారి రాదు, అయినా పని అయినట్టే కదా. బీరువా మొత్తం సర్దుదామనుకుంటే లేవలేం. ఒక్క అర సర్దడానికి లేస్తాం. రోజూ సరదాగా అనిపించేది ఒకటి, ఇది నేను చేశాను అని చెప్పుకోగలిగేది ఒకటి, రెండు రకాలూ ఉంటే మంచిది. సిరీస్ మీద సిరీస్ చూస్తూ పోతే మొదటిదే ఉంటుంది, అందుకే అయిదో ఎపిసోడ్ తర్వాత ఏదో వెలితి.

ఇతరులకు పనికొచ్చే పనైతే ఇంకా బలం. 2020 మే ఎండల్లో హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు 44వ జాతీయ రహదారి మీద వలస కార్మికులు పిల్లలను చంకనేసుకుని నడిచి వెళ్తుంటే, మేడ్చల్ దగ్గర ఎందరో అన్నం పొట్లాలు, మజ్జిగ, చెప్పులు పట్టుకుని నిలబడ్డారు. ఆ పొట్లాలు కట్టిన చేతుల్లో ఇళ్ళలో ఉండిపోయిన చేతులు కూడా ఉన్నాయి. ఒకరికి అవసరమయ్యామన్న భావన, చప్పట్లు కొట్టడం కంటే ఎక్కువసేపు మనసులో నిలుస్తుంది.

అయితే ఇంట్లో ఒకరి ఉల్లాసం ఖర్చు ఇంకొకరి మీద పడకూడదు. మేరియెన్‌తాల్‌లో మగవాళ్ళకు కాలం గడవక ఇబ్బంది, ఆడవాళ్ళకు మాత్రం పని తెమలక ఇబ్బంది. మన దగ్గరా అంతే. కరోనాకు ముందు, 2019లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించేవారు. అసలు చేయని మగవాళ్ళ లెక్క వేరు. ఆ ఇంట్లోకి లాక్‌డౌన్ వచ్చింది, పనిమనిషి రావడం ఆగింది, అందరూ మూడు పూటలా ఇంట్లోనే. హాల్లో ఆయన ఆఫీసు కాల్, పడకగదిలో పెద్దవాడి ఆన్‌లైన్ క్లాసు, టీవీ ముందు మామగారు. ఆమె ఆఫీసు కాల్ ఎక్కడ? వంటగది గట్టు మీద, కుక్కర్ పక్కన, విజిల్ వచ్చినప్పుడల్లా మైకు ఆపుకుంటూ. "బోర్ కొడుతోంది, ఏమైనా స్పెషల్ చెయ్యవోయ్" అన్న మాట ఆ ఇంట్లో ఉల్లాసంగానే వినబడుతుంది, అన్నవాడికి. ఇంటిని సంతోషంగా ఉంచే బాధ్యత మొత్తం ఒక్క మనిషి మీద వేసి, ఆమె మొహం మాడిపోయిందని ఫిర్యాదు చేయడం కంటే అన్యాయం లేదు. అంట్లు ఎవరు తోముతారో, పొద్దుట గంట ఎవరికి ఏకాంతం దొరుకుతుందో, తలుపు వేసుకునే గది ఎవరికి ఎప్పుడో నోరు తెరిచి మాట్లాడుకుని పంచుకోవాలి. ఇది సర్దుబాటు గుణంతో దానంతటదే జరిగిపోదు. ఇల్లే భయపెట్టే చోటైతే, కొట్టే మనిషితో కలిసి చిక్కుకుపోతే, అక్కడ సహనం పాఠాలు పనికిరావు. మహిళల కోసం 181 నంబరు ఉంది, ఎప్పుడైనా చేయొచ్చు.

మామూలు దిగులుకీ జబ్బుకీ తేడా కూడా తెలిసి ఉండాలి. రెండు వారాలు దాటినా దాదాపు రోజంతా మనసు బరువుగా ఉండటం, ఇదివరకు ఇష్టమైనదేదీ రుచించకపోవడం, నిద్ర, ఆకలి తలకిందులు కావడం, నేను దేనికీ పనికిరాను అనిపించడం డిప్రెషన్ లక్షణాలు. వీటికి వైద్యం ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో ఫోన్ చేస్తే రోజంతా, తెలుగులో కూడా, ఉచితంగా మాట్లాడతారు. షుగర్ పరీక్ష చేయించుకోవడానికి మనం సిగ్గుపడం, దీనికీ పడనక్కరలేదు.

చివరగా, మనం బయట తిరుగుతూ మనవాళ్ళు లోపల ఉన్నప్పటి సంగతి. డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు ఊళ్ళో మంచాన పడ్డ అమ్మకి రోజూ ఫోన్ చేస్తారు. "అన్నం తిన్నావా, మందులు వేసుకున్నావా, టెన్షన్ పడకు, జాగ్రత్త" అంటారు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ ప్రశ్నలన్నీ ఆమెను రోగిగానే చూస్తాయి, ఆమె అవుననో వేసుకున్నాననో అనడం తప్ప చెప్పేదేముంటుంది? ఆమెకు తెలిసిందీ మనకు తెలియనిదీ అడిగి చూడండి. "అమ్మా, గోంగూర పచ్చట్లో నువ్వు పండుమిరపకాయలు వేస్తావే, వేయించి వేస్తావా పచ్చివేనా?" "తాతయ్య ఆ చెరువు కింద పొలం ఎందుకు అమ్మేశారు?" "వీడికి పడుకునేటప్పుడు నాకు చెప్పిన కథ ఒకటి చెప్పు, స్పీకర్‌లో పెడతాను." అలా అడిగిన రోజు గొంతులో బలం ఎలా మారుతుందో ఫోన్‌లోనే తెలిసిపోతుంది. వారంలో ఒక రోజు, ఒకే వేళకి, మనవడికి కథ చెప్పాల్సిన పని ఆమెకు ఒప్పజెప్పండి. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి అనుకుంటే, ఏ కథ చెప్పాలా అని ఆమె సోమవారం నుంచే ఆలోచించడం మొదలుపెడుతుంది.